తాళమేసిన ఇంట్లో మీటరు తిరిగితే

మే 4

వదినకు,

ఈ ఉత్తరంతో పాటు వచ్చిన చిన్న డబ్బా మందుల డబ్బా అనుకుని అలమరలో పడెయ్యకు. అందులో ఉన్నది వాచీ. టైము కూడా చూపిస్తుంది గానీ దాని అసలు పని వేరే. నువ్వెంత కదిలావు, నీ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంది, ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయి, అన్నీ లెక్క కట్టి చెబుతుంది.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని విసుక్కోకు. పోయిన నెల ఫోన్‌లో మనం మాట్లాడుకున్నది గుర్తుందిగా. నేను "కుర్చీ పనిలో తప్పేముంది" అన్నాను, నువ్వు ఠక్కున పెట్టేశావు. ఫోన్‌లో నీ నోటికీ నా నోటికీ మధ్య చీమ దూరే సందుండదు. ఉత్తరమైతే తపాలా వాళ్లు మూడు రోజులు చల్లారబెట్టి మరీ ఇస్తారు. నీ పరీక్ష తేలేదాకా మనిద్దరికీ ఇదే క్షేమం. అన్నయ్యతో మాత్రం ఫోన్‌లోనే మాట్లాడతాను. వాడు "ఊఁ" తప్ప ఇంకేమీ అనడు కాబట్టి పోట్లాట వచ్చే ప్రమాదం లేదు.

డ్యూటీలో జారిపడి విరిగిన కాలికి కట్టు విప్పేసరికి నీ తొడ నా చెయ్యంత సన్నబడిందని వాడే చెప్పాడు. జూలై నెలాఖరుకి మీ పార్శిళ్ల డిపోలో పరీక్షట కదా. ముప్పై కిలోల పెట్టెని నేల మీంచి బల్ల మీదికి పదిసార్లు ఎత్తాలి, ఆ పైన దాన్ని మోసుకుంటూ కుంటకుండా షెడ్డు ఆ చివరిదాకా వెళ్లి రావాలి. నెగ్గితే నీ లోడింగ్ గ్యాంగూ, నీ మేస్త్రీగిరీ నీకు తిరిగి వస్తాయి. తప్పితే రిటైరయ్యేదాకా కిటికీ పక్కన కూర్చుని చీటీలు అంటించాలి. ఆ మాట విన్నప్పటి నుంచి నాకూ నిద్ర సరిగ్గా పట్టడం లేదు. నువ్వు జిమ్‌లో చేరావని తెలిసి ఈ వాచీ కొన్నాను. దీని లెక్కలు నా ఫోన్‌లోనూ కనిపించేలా ఏర్పాటు చేశాను. ఇరవై ఏళ్లుగా ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్లు చూసేదాన్ని, ఇంత దూరం నుంచి నీ మీటరు చూడలేనా?

అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ ఒక్కగానొక్క ఆడపడుచు


మే 12

మరదలు పిల్లకి,

వాచీ చేరింది. నిన్న దీన్ని పెట్టుకుని రెండు నిమిషాలు కూర్చున్నానో లేదో, "లేచి నడవండి" అని ఆజ్ఞ వేసింది. మా అత్తగారు పోయాక నాతో అలా మాట్లాడినవాళ్లు లేరు. నీ పోలిక బాగా ఉంది దీనికి.

జిమ్ టైర్ల కొట్టు పైన మేడ మీద ఉంది. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన, ఎక్కాక చెమట వాసన. నాకు నేర్పేది పాతికేళ్లు కూడా లేని అమ్మాయి. మెడలో ఈల వేలాడుతుంటుంది గానీ ఎప్పుడూ ఊదదు. ఈల పిల్ల అని పేరు పెట్టుకున్నాను. మొదటి రోజు నాచేత ఏం చేయించిందో తెలుసా? చేతులు ముందుకి చాపి, వెనకాల కుర్చీ ఉందనుకుని కూర్చోవాలట, మళ్లీ లేవాలట. డిపో వాళ్లు నిజం కుర్చీ ఇస్తామంటే వద్దని, ఇక్కడ డబ్బు కట్టి లేని కుర్చీలో కూర్చుంటున్నాను. మూడోసారికి కాలు గజగజ వణికి అద్దం మీద పడబోయాను. కాలు నాదే, మాట మాత్రం వినడం లేదు. ఆ రాత్రి కాస్త ఏడ్చాను కూడా.

అయినా వదల్లేదు. వారం తిరిగేసరికి ఖాళీ కడ్డీ ఎత్తాను, తర్వాత ఈల పిల్ల దానికి రెండు కొసలా చెరో చిన్న బరువు బిళ్ల ఎక్కించింది. ముప్పావు గంటకి ఒంటి మీద బట్ట పిండితే నీళ్లు కారేలా అయింది. గొప్పగా వాచీ చూసుకున్నాను. అరవై రెండు కేలరీలు! ఇంటికొచ్చి దుప్పట్లు ఉతికితే దానికి రెట్టింపు ఇచ్చింది, పైగా "శభాష్" అని ఒక నక్షత్రం చూపించింది. దుప్పట్లు ఉతకడానికా నేను జిమ్‌కి పోయింది?

ఆ దుప్పట్లకి కారణం మీ అన్నయ్యే. కళ్లద్దాల కొట్టులో అద్దాలు అరగదీసే పని సాయంత్రానికి అయిపోతుందిగా, అక్కణ్ణుంచి తిన్నగా జిమ్‌కొచ్చి గోడవారగా బెంచీ మీద కూర్చుని పేపరు చదువుకుంటారు. ఇంటికొచ్చేసరికి రెండు అరచేతులూ సిరా నలుపే. దుప్పటి మీదా, తలగడ మీదా, ఫ్రిజ్జు తలుపు మీదా ముద్రలే. ముప్పై ఏళ్లుగా పేపరు చదివే మనిషికి ఇన్నాళ్లూ లేని మరకలు ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చాయో. పేపరు వాళ్లు సిరా మార్చినట్టున్నారు.

నువ్వు వేళకి తిను. ఎండలో మీటర్ల వెంట తిరిగి నల్లబడకు.

నీ వదిన


మే 20

వదినకు,

రోజూ నీ లెక్క చూస్తున్నాను. అరవై రెండు, యాభై ఎనిమిది, డెబ్భై ఒకటి. మా పక్కింటి ముసలాయన చేతికర్రతో వీధి చివరిదాకా వెళ్లొస్తే అంతకంటే ఎక్కువ వస్తోంది. ఆయనకీ ఇలాంటి వాచీయే ఉంది, నేను అడిగి మరీ చూశాను.

నా ఉద్యోగంలో ప్రతి గుమ్మంలోనూ వినే మాట ఒకటుంది. "మేము అంత వాడలేదమ్మా, మీ మీటరే తప్పు." నువ్వొక్కదానివే "నేను ఇంకా ఎక్కువ వాడాను, మీటరే తప్పు" అంటున్నావు. వాళ్లకి చెప్పే జవాబే నీకూ చెబుతాను. మీటరుకి మనమీద ప్రేమా లేదు, పగా లేదు. ఉన్నదే చూపిస్తుంది.

నిజం చెప్పు, అక్కడ ఎత్తేది ఎంత, ఈల పిల్లతో కబుర్లు ఎంత? నీ నోరు నాకు తెలియనిది కాదు. కోప్పడకు వదినా. ఒళ్లు సహకరించకపోతే సహకరించడం లేదని ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు. కిటికీ పక్క కుర్చీకి గాలైనా వస్తుంది. అన్నయ్య కూడా ఆ మాటే అన్నాడు, "కుర్చీ పని చెడ్డదేం కాదు" అని. వాడు నాలుగు మాటలు కలిపి అనడమే గొప్ప, అందుకే గుర్తుపెట్టుకున్నాను.

కాలు జాగ్రత్త.

నీ మేలు కోరే ఆడపడుచు


మే 27

మరదలికి,

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. వాచీ తక్కువ చూపించినందుకు నాకు బాధ లేదు, అది ప్లాస్టిక్కు ముక్క. నువ్వు దాని మాట నమ్మి నా మాట నమ్మకపోవడమే కడుపులో మండుతోంది. చేతికర్ర ముసలాయనతో పోటీయా నాకు? ఆయన్ని ఒక్క పూట మా లోడింగ్ బల్ల దగ్గరికి పంపు, చూద్దాం.

నీ లెక్కల సంగతి ఈల పిల్లని అడిగాను. నడిచేటప్పుడు చెయ్యి ఊగుతుంది, గుండె ఒక తీరుగా కొట్టుకుంటుంది, అది పట్టుకోవడం వాచీకి తేలికట. బరువెత్తడం అలా కాదు. పిడికిలి బిగించి మణికట్టు వంచితే వాచీ అడుగున ఉన్న పచ్చ దీపానికి రక్తం పారేది సరిగ్గా కనబడదు. పైగా మేము అయిదుసార్లు ఎత్తి రెండు నిమిషాలు ఊపిరి పీల్చుకుంటాం. ఆ కూర్చున్న సేపు నేను తీరిగ్గా ఉన్నాననుకుంటుంది అది. లోపల కండ పడే కష్టం దానికి తెలియదు. గుండె వేగాన్ని చూసి అంచనా కడుతుంది, అంతే. "ఆంటీ, కేలరీలు చూడకండి. కడ్డీకి బిళ్లలెన్ని ఎక్కాయో అది చూసుకోండి" అంది. బంగారం లాంటి మాట.

అందుకని వాచీని ఇక నా కళ్ల ముందు ఉంచుకోను. నీ ముచ్చట కోసం జిమ్‌కి వెళ్లగానే మీట మాత్రం నొక్కుతాను. దాని దారిన అది తిరుగుతుంది, నీ దారిన నువ్వు చూసుకో.

మీ అన్నయ్య కుర్చీ మాట నీతోనూ అన్నారన్నమాట. నాతోనూ అన్నారు, అదీ నేను జిమ్‌లో చేరిన రోజునే. ఆ రోజు నుంచీ వచ్చి బెంచీ మీద కూర్చుంటారు గానీ, నేను కడ్డీ కిందికి వెళ్లేసరికి పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటారు. నిండు కుండ తొణకదంటారు. ఈ కుండకి మూత కూడా బిగించి పుట్టించాడు దేవుడు. ఇన్నేళ్ల కాపురంలో "బాగా చేశావు" అన్న మాట ఆ నోట రాలేదు. ఇప్పుడు వస్తుందని ఆశా లేదు. కానీ రాలేదన్న సంగతి రోజూ గుర్తొస్తోంది.

మంట చల్లారాకే పోస్టు చేద్దామని రెండు రోజులు ఆగాను. చల్లారలేదు, అయినా చేస్తున్నాను.

వదిన


జూన్ 20

వదినా!

రెండు చెంపలూ వాయించుకున్నాను, ఒకటి నీ తరఫున. రెండు వారాలు అలిగి నీ లెక్క చూడలేదు. చూశాక కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. నూట తొంభై! మర్నాడు రెండొందల పది! మొన్నయితే రెండొందల అరవై! అదీ ఆ ముప్పావు గంటలోనే. ఏం చేస్తున్నావక్కడ, లారీ ఎత్తుతున్నావా? ఆ ముసలాయనకి నీ అంకె చూపించి వచ్చాను. పాపం, మొహం చిన్నబుచ్చుకున్నాడు.

నా తిట్టు పనిచేసిందని ఇక్కడ కాలరెగరేసుకు తిరుగుతున్నాను. కాదని రాయకు, కొన్నాళ్లయినా తిరగనీ.

జూన్ 23

పై ఉత్తరం పోస్టు చెయ్యకుండా ఆపాను. ఇప్పుడు రాసేది వేరే సంగతి, భయపడకుండా చదువు.

అంకె చూసి మురిసిపోయానే తప్ప గుండె గీత చూడలేదు. నిన్న కూర్చుని చూశాను. నువ్వు ఉన్నచోట ఉన్నట్టే ఉంటావు, అడుగు పడదు, చెయ్యి కదలదు. ఉన్నట్టుండి గుండె మాత్రం పరుగందుకుంటుంది. మొన్న మంగళవారం సాయంత్రం ఆరున్నరకి నూట యాభై దాటింది. బరువెత్తితే చెయ్యి కదలాలి కదా. ఊరికే కూర్చున్న మనిషికి గుండె అలా కొట్టుకుంటుందా? మా ఆఫీసులో ఒకామె ఇలాగే కూర్చున్నచోటే ఒరిగిపోయింది. అన్నయ్యకి ఫోన్ చేసి, "వదిన గుండె అదురుతోంది, జిమ్ మాన్పించు, ఆ పరీక్షా వద్దు, ఏమీ వద్దు" అన్నాను. వాడు "డాక్టరుకి చూపిస్తాను" అని పెట్టేశాడు. "ఊఁ" అనడం కూడా మర్చిపోయాడు వదినా.

నువ్వు లేకపోతే నేను పోట్లాడ్డానికి ఎవరున్నారు? ముందు డాక్టరు దగ్గరికి వెళ్లు.

నీ ఆడపడుచు


జూలై 1

మరదలికి,

వెళ్లొచ్చాను. వెళ్లడమేమిటి, మర్నాడు పొద్దున్నే మీ అన్నయ్య రెక్క పట్టుకు లాక్కెళ్లారు. ఒళ్లంతా వైర్లు అతికించి గీతలు తీశారు, నడిచే మిషను మీద నడిపించారు. డాక్టరమ్మ కాగితం చూసి, "మీ గుండెకేమమ్మా, ఇంకో నలభై ఏళ్లు తిరగలిలా తిరుగుతుంది" అంది. నేను హాయిగా కూర్చున్నాను. ఎదురుగా మీ అన్నయ్యకి చెమటలు. ఆవిడ గుండె గురించి ఏ ప్రశ్న అడిగినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోవడమే. చివరికి ఆవిడ నన్నొదిలేసి "మీకేమైనా ఇబ్బందిగా ఉందా?" అని ఆయన్ని అడిగింది. "అబ్బే, గదిలో ఉక్కగా ఉంది" అన్నారు. నెత్తిన ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది.

నీ మంగళవారం సంగతి కూడా విను. ఆ ఆరున్నరకి నేను బరువూ ఎత్తలేదు, కూర్చోనూ లేదు. అవతలి గదిలో కుళాయి దగ్గర నీళ్లు తాగుతున్నాను. నేను వదిలిన కడ్డీ దగ్గరికి ఇంకెవరో వెళ్లి, ఎత్తలేక దభాలున జారవిడిచారు. మేడ మొత్తం అదిరింది. తొంగి చూస్తే మీ అన్నయ్య బెంచీ ముందు నిలబడి ఉన్నారు, పేపరు నేల మీద ఉంది. నన్ను చూసి మళ్లీ కూర్చుని, "పేపరు జారింది" అన్నారు. నీళ్లు తాగితే గుండె నూట యాభై కొట్టుకుంటుందని నీ మీటరే చెప్పాలి.

ఇంక అడ్డం దిడ్డం లేకుండా అడుగుతున్నాను. పరీక్షకి నెల కూడా లేదు. మొన్నటిదాకా నేను సోమరినన్నావు, ఇప్పుడు రోగిష్టినంటున్నావు. ఆయన చూస్తే కుర్చీ మంచిదంటారు, డాక్టరు దగ్గరికి లాక్కెళతారు. అన్నాచెల్లెళ్లిద్దరూ కూడబలుక్కుని నన్ను ఆ కిటికీ పక్కన కూలేయాలని చూస్తున్నారా? ఆ చీటీల బల్ల దగ్గర మాట్లాడ్డానికి మనిషుండదు. నా గ్యాంగులో నలుగురు ఆడపిల్లలున్నారు, లారీ వెనక్కి వస్తుంటే నా అరుపు విని పక్కకి తప్పుకుంటారు. వాళ్లు రోజూ సాయంత్రం "ఎప్పుడొస్తావు మేస్త్రీ?" అని ఫోన్ చేస్తారు. నాకు కావలసింది ఆ చోటు. జాలి కాదు.

ఈ వారం కడ్డీకి పెద్ద బిళ్లలు ఎక్కాయి. మొత్తం కలిపి నలభై కిలోలు నేల మీంచి లేపాను. ఈల పిల్ల మొదటిసారి ఈల ఊదింది. జిమ్మంతా నా వైపు తిరిగింది, పేపరు మాత్రం తిరగలేదు.

పరీక్ష అయ్యేదాకా నాకు రాయకు. రాసినా చదవను.

వదిన


జూలై 24

వదినకు,

రాయొద్దన్నావు. మూడు వారాలు పెన్ను ముట్టలేదు. ఇంక నావల్ల కాదు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టి ఇది చదువు.

మా పనిలో ఒక్కోసారి ఒక చిత్రం జరుగుతుంది. ఇంటికి తాళం ఉంటుంది, మనుషులు ఊళ్లో ఉండరు, మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కొత్తవాళ్లు మీటరు పాడైందని రాసేస్తారు. కాస్త అనుభవం ఉన్నవాళ్లు పైపు వెంట నడుచుకుంటూ పోతారు. పోగా పోగా అది పక్కింట్లో తేలుతుంది. మీటరు తప్పు చెప్పలేదు, నీళ్లు వాడింది వేరేవాళ్లు, అంతే.

నువ్వు కుళాయి దగ్గర ఉన్నప్పుడు నీ గుండె నూట యాభై కొట్టుకుందంటే, ఇంట్లో మనిషి లేకుండా మీటరు తిరిగినట్టే కదా. నీ ఉత్తరం నాలుగోసారి చదువుతుంటే "పేపరు జారింది" దగ్గర ఆగిపోయాను. అప్పుడే అన్నయ్యకి ఫోన్ చేశాను.

"అన్నయ్యా, వదిన బరువులెత్తేటప్పుడు వాచీ ఎక్కడుంటుంది?"

"నా దగ్గరే."

"జేబులోనా?"

"జేబులో పెడితే పడిపోతుందని చేతికి పెట్టుకున్నాను."

"ఎప్పటి నుంచి?"

"మణికట్టుకి ఒత్తుకుంటోందని తీసి నాకిచ్చిందిగా. అప్పటి నుంచి."

నేను గుండె అదురుతోందని చెప్పగానే వాడికీ మతి పోయిందట వదినా. అది తన చేతికే ఉన్న సంగతి కూడా మర్చిపోయి నిన్ను లాక్కెళ్లాడు. డాక్టరమ్మ "మీ గుండెకేమమ్మా" అన్నాక తట్టిందట. ఇంక సిగ్గుతో నోరు మెదపలేదు.

ఇప్పుడర్థమైందా నీకు? రెండొందల పదీ, రెండొందల అరవయ్యీ నీవి కాదు. బిళ్లలు పెరిగినకొద్దీ అంకె పెరిగింది ఎందుకంటే వాడి భయం పెరిగింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మనం నవ్వుతాం గానీ, ఈ కత్తిపీటకి నిజంగానే ఉంది. చిన్నప్పుడు నేను సైకిలు నేర్చుకునేటప్పుడూ ఇంతే. వీధి చివర నిలబడి ఆకాశం వంక చూసేవాడు. నేను పడితే మాత్రం అందరికంటే ముందు చేరేవాడు. వాడు చూడడం లేదని అప్పట్లో నేనూ ఏడ్చేదాన్ని.

"అంత భయంగా ఉంటే ఆపమని చెప్పనా?" అన్నాను.

అప్పుడు వాడన్న మాట రాయడానికే ఈ ఉత్తరం. "వద్దు. చెయ్యనీ. అది ఎత్తగలదు" అన్నాడు. "ఊఁ" కాదు వదినా, మూడు మాటలు, గుక్క తిప్పుకోకుండా.

"మరి కుర్చీ పని మంచిదని ఎందుకన్నావు?" అంటే, నువ్వు డిపోలో పడ్డ రోజున నీ కళ్లజోడు ఇవ్వడానికి గేటు దాకా వచ్చాడట, లారీకి ఆనించిన వాలు పలక మీంచి నువ్వు జారడం కళ్లారా చూశాడట. నీకెప్పుడైనా చెప్పాడా? నాకూ ఇప్పుడే చెప్పాడు.

నిన్ను సోమరివన్నందుకు నా నాలుక కోసి పంపమంటే పంపుతాను. వెళ్లి ఎత్తు వదినా. గెలిచి రా.

నీ ఆడపడుచు


ఆగస్టు 2

బంగారు మరదలికి,

నీ ఉత్తరం పరీక్ష ముందు రోజు వచ్చింది. చదవనన్నాను కాబట్టి చింపకుండా సంచిలో పడేశాను. ఓడిపోతే తిట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలిగా.

మర్నాడు డిపోలో నా వంతు కోసం బయట వరండాలో కూర్చోబెట్టారు. నాకంటే ముందు వెళ్లినవాడు నడుం పట్టుకుని బయటికొచ్చాడు. మీ అన్నయ్యని లోపలికి రానివ్వలేదు, షెడ్డుకి ఆ చివర జల్లెడ తలుపు ఉందే, దాని అవతల నిలబడమన్నారు. "జాగ్రత్త" అని కూడా అనకుండా పేపరు చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. ఒంటరిగా అనిపించింది. నీతో పోట్లాడితే ధైర్యం వస్తుందేమోనని కవరు చింపాను.

"అది ఎత్తగలదు" దాకా చదివేసరికి లోపల్నుంచి నన్ను పిలిచారు. కళ్లు తుడుచుకోవడానికి కూడా టైము లేదు.

లోపల డిపో డాక్టరూ, మేనేజరూ, ఒక బల్లా, తాళ్లు కట్టిన పెట్టే ఉన్నాయి. ఈల పిల్ల నేర్పినట్టే పాదాలు ఎడంగా పెట్టి, లేని కుర్చీలో కూర్చుని, పెట్టెని ఒంటికి దగ్గరగా లాక్కుని లేచాను. మొదటి అయిదు నల్లేరు మీద నడక. ఎనిమిదోసారికి దెబ్బ తగిలిన కాలు వణికింది. మేనేజరు పెన్ను మూత తీశాడు. తీసుకో, ఏం రాసుకుంటావో రాసుకో అనుకుని తొమ్మిది ఎత్తాను. పదో దానికి నా నోట్లోంచి ఒక అరుపు వచ్చింది, లారీ వెనక్కి వచ్చేటప్పుడు అరుస్తానే, అదే. బయటెక్కడో నా గ్యాంగు పిల్లలు గుర్తుపట్టి ట్రాలీలు బాదడం మొదలెట్టారు.

ఇంక మోత మిగిలింది. పెట్టె పట్టుకుని షెడ్డు చివరికి నడుస్తుంటే ఎదురుగా జల్లెడ తలుపు, దాని వెనక పేపరు. ఈసారి ఆ పేపరునే చూస్తూ నడిచాను. గాలి లేదు, ఆకు కదలడం లేదు. పేపరు మాత్రం వణుకుతోంది. ఇన్ని నెలలూ అది నాకు అడ్డం పెట్టిన గోడ అనుకున్నాను. కుంటకుండా, గట్టిగా అడుగులేసుకుంటూ దాని దాకా వెళ్లి, "ఏమండీ, పేపరు దించండి. అయిపోవచ్చింది" అన్నాను. దించారు. ఆ కళ్లలో నీళ్లు చూసి, పెట్టెతో సహా వెనక్కి తిరిగి, వెళ్లినదానికంటే వేగంగా నడిచొచ్చాను.

నెగ్గాను మరదలా! డాక్టరు అక్కడికక్కడే సంతకం పెట్టి, "యాభై దాటినవాళ్లలో ఇలా మోసినవాళ్లని నేను చూడలేదు" అన్నారు. మేనేజరు నా కొత్త యూనిఫాం చొక్కా తెచ్చి చేతికిచ్చాడు. అక్కడే పాతదాని మీద తొడుక్కుని బయటికి పరిగెత్తాను. అవును, పరిగెత్తాను.

ముందు ఆయన చెయ్యి పట్టుకుని, జేబులో పడేసుకుంటారని ఇచ్చి నేను మర్చేపోయిన ఆ వాచీ చూశాను. "ఒక్క పెట్టె ఎత్తకుండా మూడొందల పది ఖర్చు పెట్టారే! నేనే చెబుతున్నాను, బాగా చేశారు" అన్నాను.

ఆయన నేల చూపులు చూశారు. "నువ్వు జారనివ్వవని నాకు తెలుసు," అని గుండె మీద చెయ్యి పెట్టుకుని, "దీనికే తెలియలేదు" అన్నారు. తర్వాత ఆ చెయ్యి తీసి నా భుజం మీద వేసి, "బాగా చేశావు" అన్నారు. మెల్లిగానే అన్నారు గానీ నాకు వినబడింది. నా వెనక ఉన్న గ్యాంగు పిల్లలకీ వినబడింది, కాబట్టి ఇక కాదనడానికి లేదు.

ఇంటికొచ్చి చొక్కా విప్పితే భుజం మీద అయిదు వేళ్లూ నల్లగా అచ్చుపడి ఉన్నాయి. పేపరు వాళ్లు సిరా ఏమీ మార్చలేదని ఇప్పుడు తెలిసింది. చెమట పట్టిన చేతికి సిరా అంటదా మరి! దుప్పట్ల మీద మరకలన్నీ తిట్టుకుంటూ ఉతికేశానే అని బాధేసింది. వాచీ ఆయన చేతికే ఉంచేశాను, నీ మీటరు ఇంక ఆ ఇంటిదే.

చొక్కా మాత్రం ఉతకలేదు. నిన్న అదే వేసుకుని డ్యూటీకి వెళ్లాను. గ్యాంగులో చిన్నది భుజం వంక చూసి, "ఇదేంటి మేస్త్రీ, కొత్త చొక్కా మీద?" అంది.

"మీటరు రీడింగు" అన్నాను, లారీ వెనక్కి తీయించడానికి వెళుతూ.

గెలిచిన మీ వదిన